కాలేజీ కుంచం

మా కాలేజీ ఊరి గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చదువుల ఊరు అంటారు. సరే, అనుకోనివ్వండి. ఆ ఊరి పుణ్యమా అని చుట్టుపక్కల పల్లెలు బాగుపడ్డాయి అంటారు. ఈ మాట దగ్గరే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఎవరి పుణ్యాన ఎవరు బాగుపడ్డారో నాకు తెలుసు. అరవైల చివర్లో నేను ఆ కాలేజీలో బి.ఏ. చదవడానికి చేరాను. చదవడానికి చేరాను అంటున్నానే గాని చదివాను అనడం లేదు, గమనించండి. ఎందుకు అనలేకపోతున్నానో చెప్పడానికే ఇదంతా.

మా పల్లె శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం ఒడ్డు నుంచి ఆ ఊరికి పోయే రోడ్డు మీద, ఇంచుమించు మధ్యలో ఉంటుంది. ఇటు పోతే జాలర్ల ఇళ్ళు, అటు పోతే కాలేజీ. మాది వ్యవసాయం. పల్లంలో వరి, మెట్టన గోగు, చోడి, ఉలవ. రోజూ ఒక బస్సు సముద్రం ఒడ్డున బయల్దేరి, పల్లె పల్లెకీ ఆగుతూ, ఊరు చేరేసరికి పదకొండు దాటేది. మూడింటికి మళ్ళీ వెనక్కి బయల్దేరేది. కాలేజీ పదింటికి మొదలై నాలుగింటికి వదిలేవారు కాబట్టి ఆ బస్సులో రోజూ వచ్చిపోతూ చదువుకోవడం కుదరదు. ఊళ్ళో గది తీసుకుని ఉండవలసిందే. ఆ బస్సు ఊళ్ళో ఒక పెద్దమనిషిది. కాలేజీ కమిటీకి కూడా ఆయనే ప్రెసిడెంటు. అందరూ ఆయన్ని ప్రెసిడెంటు గారనే అనేవారు, నేనూ అలాగే అంటాను.

ఆ ఊళ్ళో ఏమీ పండదు, ఏమీ తయారవదు. జూన్‌లో కాలేజీ తెరిస్తే ఊరు నిద్రలేచేది. అరుగులకి తడికలు కట్టి గదులు అనేవారు. ఆవుల పాకకి సున్నం కొట్టి, స్టూడెంట్లకు అద్దెకివ్వబడును అని బొగ్గుతో రాసేవారు. వానొస్తే ఆ సున్నం కింద నుంచి పేడ వాసన పైకొచ్చేది. సైకిళ్ళు అద్దెకిచ్చేవాడికీ, దర్జీకీ, ఇస్త్రీవాడికీ, పాత పుస్తకాలవాడికీ, టూరింగ్ టాకీసు వాడికీ అందరికీ జూన్‌తో ప్రాణం లేచొచ్చేది. పాలలో నీళ్ళు ఎక్కువయ్యేవి. వేసవి సెలవులిచ్చారంటే బజారు బోసిపోయి కొట్లవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని ఈగలు తోలుకునేవారు.

మా ఎకనామిక్స్ లెక్చరరు కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. చిన్న పట్టణాల పాఠం చెబుతూ ఒకరోజు, ఈ ఊరి జనాభా ఎంత అని అడిగాడు. మగపిల్లల్లో ఒకడు ఏదో అంకె చెప్పాడు. "అందులో మీరెవరూ లేరు. మీరు వచ్చిపోయేవాళ్ళు. మీరొస్తే ఊరు పెరుగుతుంది, మీరు పోతే తరుగుతుంది. ఈ ఊరు కాలేజీ మీద బతుకుతోంది, మీ పల్లెలు ఈ ఊరి మీద బతుకుతున్నాయి, రాసుకోండి" అన్నాడు. రాసుకున్నాం. మరి ఆ కాలేజీ దేని మీద బతుకుతోందండీ అని నాకు నోటిదాకా వచ్చింది. కానీ ఆడపిల్లలం లెక్చరరు వెనకాలే క్లాసులోకి వచ్చి, ముందు బెంచీలో తలొంచుకుని కూర్చుని, మళ్ళీ ఆయన వెనకాలే బయటికి పోయేవాళ్ళం. మాలో ఎవరూ నోరు విప్పి ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. నేనూ అడగలేదు. జవాబు మాత్రం నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ మా కళ్ళంలో చూస్తూనే ఉన్నాను.

కాలేజీ కట్టే రోజుల్లో ఊరి పెద్దలు పల్లె పల్లెకీ తిరిగి, నూర్పిడి అయ్యాక ప్రతి కళ్ళం నుంచీ ఏటా ఒక కుంచం ధాన్యం ఇమ్మని అడిగారట. మావాళ్ళు సరేనన్నారు. అంతటితో ఊరుకుంటే మా పల్లె ఎందుకవుతుంది? మా వైపు రాశి కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. ఆ తర్వాత రెండు, మూడు అని పోతారు. ఆ లాభం కుంచం ఇంటి గాదెలోకే పోవాలి. అప్పులవాడు వచ్చి నెత్తిన కూర్చున్నా అది ఇవ్వరు. అలాంటిది మా పల్లెలో ఎవరో ముసలాయన, "సదువంటే లాభమే కదేటి, ఆ కుంచమే ఇద్దాం" అన్నాడట. అందరూ తలూపారట. మా రోడ్డు మీద ఉన్న మిగతా పల్లెలు కూడా మమ్మల్ని చూసి అలాగే చేశాయి. ఇంత వెర్రి మంచితనం మావాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఉండదు.

ఏటా పుష్యమాసంలో కాలేజీ బండి మా కళ్ళంలోకి వచ్చేది. రాశికి దండం పెట్టి, మా అయ్య కుంచం ముంచి, "లాభం" అని, ఆ ధాన్యం బండిలో పోసేవాడు. ధాన్యమొక్కటే కాదు. కాలేజీ పైకప్పులకి తాటి దూలాలు పల్లెల నుంచే వెళ్ళాయి. రాళ్ళు మా బళ్ళ మీద, మా ఎడ్లతో వెళ్ళాయి. కాలేజీ గుమ్మం పక్కన దాతల పేర్లు చెక్కిన పాలరాయి ఒకటి ఉండేది. ఊళ్ళోని వర్తకులు, వకీళ్ళు, ప్రెసిడెంటు గారి తండ్రిగారు, అందరూ అందులో ఉన్నారు. ఒక్క పల్లె పేరు లేదు. చిట్టచివర 'తదితరులు' అని ఉంది. ఆ తదితరులం మేమే.

మా పల్లె నుంచి కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లని నేను. మా అయ్యకి పెద్దగా ఇష్టం లేదు. మా అమ్మ పట్టు పట్టింది. "లాభం కుంచం ఏటా మనమే కదా పోస్తన్నాం. మన గుంట ఒక్కర్తైనా ఆ మెట్లెక్కొద్దేటి?" అంది. ఊళ్ళో ఒక వితంతువు ఇంట్లో నాకు గది దొరికింది. మా అమ్మకి దూరపు చుట్టం, నేను పిన్ని అనేదాన్ని. గది ఇచ్చింది గాని పొయ్యి రాజేయడానికి వీల్లేదంది. ఒక కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగితే ఇల్లు అచ్చిరాదని ఆవిడ నమ్మకం. తనతో పాటు నాకూ ఇంత వండి పెడుతుందా అంటే అదీ లేదు. తను ఒక్క పూట ఇంత ఉడకేసుకుని కాలక్షేపం చేసే మనిషి.

అయినా బి.ఏ.కి ముందు అక్కడే చదివిన పి.యు.సి. ఏడాదంతా నాకు తిండికి లోటు లేదు. ఎందుకంటే క్యారేజీ వచ్చేది. గదుల్లో ఉండి చదువుకునే పల్లెటూరి పిల్లలందరికీ ఇంటి నుంచి బస్సు మీద క్యారేజీలు వచ్చేవి. పదకొండు దాటాక బస్టాండులో బస్సు టాపు మీద నుంచి కండక్టరు ఒక్కొక్కటీ దించేవాడు. ఏ క్యారేజీ ఎవరిదో తెలియడానికి పిడికి గుడ్డపీలిక కట్టేవారు. నాదానికి నా పాత పరికిణీ అంచు, ఎర్రది. మూతలు తియ్యగానే ఏ పల్లెలో ఏ పని నడుస్తోందో తెలిసిపోయేది. ఊడుపుల రోజుల్లో చద్దన్నం, ఎండు నెత్తళ్ళ వేపుడు. పండగైతే బూరెలు. అమ్మకి తీరిక ఉంటే ఉలవచారు, గోంగూర, లేకపోతే ఉత్త పచ్చడి. ఆడపిల్లని కాబట్టి నా క్యారేజీ సైకిలు షాపు కుర్రాడు మధ్యాహ్నం బెల్లుకి కాలేజీ గేటు దగ్గర అందించేవాడు. సగం అప్పుడు తినేదాన్ని, సగం రాత్రికి వేరే గిన్నెలోకి తీసి ఉంచుకునేదాన్ని. మూడింటి బస్సుకి ఖాళీ క్యారేజీలు తిరుగుముఖం పట్టేవి. పల్లెలు ఊరి మీద బతకడమంటే ఇదన్నమాట.

బి.ఏ.లో చేరిన ఏడు, దసరా సెలవుల తర్వాత, ఇది ఆగిపోయింది. కాలేజీ రోడ్డులో కొత్తగా భోజన హోటలు పెట్టారు. పెట్టినవాడు ప్రెసిడెంటు గారి బావమరిది. పిల్లలెవరూ ఆ వైపు తొంగి చూడలేదు. ఇంటి నుంచి కూడు వస్తుంటే హోటల్లో ఎవరు తింటారు? ఓ ఉదయం మా అమ్మ క్యారేజీ పట్టుకుని రోడ్డు మీదికి వెళ్తే కండక్టరు అందుకోలేదు.

"క్యారేజీలు ఎక్కించొద్దన్నారమ్మా. పులుసులు కారి పాసింజర్ల సామాన్లు పాడవుతున్నాయంట" అన్నాడు.

"ఇన్నాళ్ళూ కారని పులుసు ఇయ్యాలే కారతన్నాదా?" అంది అమ్మ.

"నాకేటి తెలుసు? ప్రెసిడెంటు గారి ఆర్డరు."

పులుసట, పులుసు. శివరాత్రికి శ్రీముఖలింగం స్పెషల్ బస్సులు వేసినప్పుడు అదే టాపు మీద కట్టెల మోపులు, బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, పిల్లల ఊయలలు కూడా ఎక్కించేవాళ్ళు. అప్పుడు కారని నూనె, అప్పుడు చెడని సామాను, మా గోంగూరకి చెడిందట. అసలు సంగతి ఊళ్ళో వర్తకుల మీటింగులో ప్రెసిడెంటు గారే చెప్పారు. చూసొచ్చిన మగపిల్లలు మాకు చెప్పారు. "ఈ పల్లెటూరి పిల్లలు మన గాలి పీలుస్తారు, మన నీళ్ళు తాగుతారు, కూడు మాత్రం ఇంటి నించి తెప్పించుకుంటారు. ఇంక ఈ కాలేజీ వల్ల మన ఊరికి ఒరిగేదేటి?" అన్నారట. అందరూ చప్పట్లు కొట్టారట. మా లాభం కుంచాలు పదేళ్ళ పైన తిన్న ఊరు ఆ మాటకి చప్పట్లు కొట్టింది.

మగపిల్లలు తిట్టుకుంటూ తిట్టుకుంటూ హోటలుకి పోయారు. పోలేనివాళ్ళు బన్నులు, అరటిపళ్ళు తిని నెట్టుకొచ్చారు. సైకిళ్ళున్నవాళ్ళు ఆదివారం ఇంటికి పోయి, నాలుగు రోజులు నిలవుండేవి ఏవో తెచ్చుకున్నారు. నేనేం చేయాలి? ఆడపిల్ల హోటలు మెట్లెక్కిందంటే ఆ సాయంత్రానికి జిల్లా అంతా తెలిసిపోయే రోజులవి. సైకిలు మాట సరేసరి. గదిలో పొయ్యి వెలిగించకూడదు. పిన్నిని బతిమాలాను. "నా ఇంట్లో రెండో పొగ లేవనివ్వను, నీకు ముందే సెప్పాను కదే" అంది. ఊళ్ళో ఇన్ని వందల పొయ్యిలు మండుతుంటే నాకు గుప్పెడు బియ్యం ఉడకేసుకునే చోటు లేదు.

మా అమ్మ ఊరుకునే మనిషి కాదు. సముద్రం ఒడ్డు నుంచి రోజూ తెల్లవారకుండా బయల్దేరి, చేపల గంప నెత్తిన పెట్టుకుని, మా పల్లె మీదుగా ఊరికి నడిచిపోయే ఒకామె ఉండేది. మా అమ్మ ఆమెని అప్పా అనేది, అక్కా అన్నట్టు. "అప్పా, మా గుంట కూడు నీ గంపలో ఎట్టుకుని తీసుకెల్తావా?" అని అడిగిందట. "దానికేటి, గంప మీద గంప అవుతాదా? ఇయ్యి" అందట ఆమె. క్యారేజీకి అరిటాకు చుట్టి, చేపల మీద పెట్టుకుని మోసుకొచ్చేది.

మొదటి రోజే పిన్ని గుమ్మం దగ్గర అడ్డం నిలబడింది. చేపల గంపలోంచి వచ్చిన కూడు తన గుమ్మం తొక్కకూడదంది. తమాషా ఏమిటంటే అదే గంపలోంచి సందువ చేప ఏరుకుని, బేరమాడి బేరమాడి తీసుకుని, ఆ చేత్తోనే తలుపేసింది. ఆ పూట అప్ప కాలేజీకి వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ చేపల వాసనంటూ ఆమెని తరిమేశాడు. ఇంక ఆమె ఏం చేస్తుంది పాపం? వీధులు తిరిగి చేపలు అమ్ముకోవాలి, ఎండెక్కితే పాడైపోతాయి. అమ్మకం అయ్యాక, నాలుగింటికి, కాలేజీ వెనక మలుపులో నా కోసం కాచుకుని కూర్చునేది. పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా ఉన్న నాకు అప్పుడు దొరికేది అన్నం. ఒక పూట తిండి అయినా అది దేవుడిచ్చిందే అనుకునేదాన్ని. కార్తీకం వచ్చేసరికి సముద్రం పోటెత్తింది. తెప్పలు దిగలేదు. చేపలు లేవు, అప్ప రాలేదు. మూడు పూటలా మంచినీళ్ళు తాగి, ఊరగాయ ముక్క చప్పరించి, అటుకులు నానబెట్టుకుని రోజులు గడిపాను. ఇంటికి కబురు చేద్దామంటే మా అయ్య చదువు మానిపించేస్తాడని భయం. ఆ భయం ఆకలి కంటే పెద్దది.

క్లాసులో పడిపోయాను. ఎకనామిక్స్ క్లాసులోనే. ఆ రోజు పాఠమేమిటో తెలుసా? జనాభా పెరిగిపోతే తిండి ఎలా చాలకుండా పోతుందో చెబుతున్నాడు. నోట్సు రాసుకుంటూ ఉన్నాను, అక్షరాలు అలుక్కుపోయాయి, తర్వాత నాకేమీ తెలియదు. కళ్ళు తెరిచేసరికి లేడీస్ రూంలో బల్ల మీద ఉన్నాను. చుట్టూ జనం. ఆడపిల్లకి చదువు వేడి తలకెక్కిందని ఎవరో అన్నారు. ఎవరో గాలి సోకిందన్నారు. ప్రిన్సిపాలు గారు వచ్చి, ఆడపిల్లల మెదడు ఇంత ఒత్తిడికి తట్టుకోలేదని లెక్చరరుతో ఇంగ్లీషులో అన్నారు. నాకు ఇంగ్లీషు రాదనుకున్నారు కాబోలు. పిన్ని వచ్చి, "నాను ముందే అనుకున్నాను" అంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఇన్ని రోగాలు చెప్పారు గాని, పొద్దున్న ఏం తిన్నావమ్మా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

కబురు అంది, మర్నాడు మా అయ్య వచ్చి నన్ను తీసుకుపోయాడు. మూడింటి బస్సెక్కాం. నా చేతిలో ఖాళీ క్యారేజీ చూసి కండక్టరు నసిగాడు. "క్యారేజీలు వద్దన్నారు కదా బాబూ" అన్నాడు. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పైటతో కప్పుకుని కూర్చున్నాను, దొంగిలించుకుపోతున్నట్టు. మా ఇంటి గిన్నెలు, మా అమ్మ తోమిన గిన్నెలు.

ఇంటి గుమ్మంలో మా అమ్మ నా మొహం చూసింది. "కడుపులో కూడు పడి ఎన్నాళ్ళయిందే?" అంది. చదువు వేడీ లేదు, గాలీ లేదు. ఆ ఒక్క మాటతో నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. వేడన్నం కలిపి నోట్లో పెడుతూ, "నువ్వు మళ్ళీ ఎల్తావు. బస్సు మీద నీ కూడు కూడా ఎల్తాది. నాను సూస్తాను" అంది.

పుష్యం వచ్చింది. కళ్ళంలో రాశి పోశారు. ఆ ఏడు కాలేజీలో సైన్సుకి కొత్త గదులు కడుతున్నారని, బండితో పాటు ప్రెసిడెంటు గారే స్వయంగా పల్లెలు తిరుగుతున్నారు. మా కళ్ళానికీ వచ్చారు. తెల్లని పంచె, చేతిలో గొడుగు. మా అయ్య కుంచం తుడుచుకుని రాశి ముందు కూర్చున్నాడు. ఆడవాళ్ళు కొలత దగ్గర మాట్లాడడం మా వైపు లేదు. మా అమ్మ వెళ్ళి ఆ కుంచం మీద చెయ్యి వేసింది.

"కాలేజీ కుంచం ఇస్తాం బాబూ. ఇవ్వం అని ఎవులూ అనలేదు. మా మాట మాటే" అంది. "గానీ ఈ బండిలో పొయ్యం. మీ బస్సు మీద వస్తాది. మా గుంట క్యారేజీలో పోసి పంపిస్తాం."

ప్రెసిడెంటు గారు నవ్వారు. "ధాన్యం క్యారేజీలో పంపుతావేటమ్మా? అయినా బస్సు మీద క్యారేజీలు ఎక్కించడం మానేశాం కదా."

"అవును బాబూ, మానేశారు. అదే సెప్తన్నాను."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నవ్వు మెల్లగా పోయింది. మా అయ్య వైపు చూశారు, ఆడమనిషిని అదుపులో పెట్టుకోమన్నట్టు. మా అయ్య కుంచం బోర్లించి దాని మీద చెయ్యి పెట్టుకు కూర్చున్నాడు. నా చదువు ఇష్టం లేని మా అయ్య. పక్క కళ్ళంవాళ్ళు ఏటి, ఏటి అంటూ వచ్చారు. విషయం విన్నారు. వాళ్ళ కళ్ళాల్లోనూ కుంచాలు బోర్లించారు. బండి ఖాళీగా తిరిగిపోయింది.

సముద్రం అప్పటికి నెమ్మదించింది. చేపల అప్ప మళ్ళీ రోడ్డెక్కింది. మా పల్లె మాట ఆమె నోట్లో పడింది. రోడ్డు మీద ఉన్న ప్రతి పల్లెలోనూ గంప దించినప్పుడల్లా చేపలతో పాటు ఆ మాట కూడా దించింది. వారం తిరక్కుండా ఊరి దాకా పాకిపోయింది. ఎక్కడికెళ్ళినా కమిటీ బండికి ఒకటే జవాబు. ఇస్తాం, బస్సు మీద క్యారేజీలో ఇస్తాం.

పల్లెలన్నీ కలిసి అనుకున్న రోజు పొద్దున్న మా పల్లె రోడ్డు మీద నిలబడ్డాం. ప్రతి ఇంటి నుంచీ క్యారేజీ. నాలుగు గిన్నెలూ నింపినా కుంచం పట్టలేదు. మిగిలింది గుడ్డలో మూట కట్టి పిడికి వేలాడదీశారు. మా అమ్మ రాశి దగ్గర మా అయ్య చేత "లాభం" అనిపించి మరీ నింపింది. బస్సొచ్చింది. కండక్టరు దిగి చూశాడు, టాపు వైపు చూశాడు, డ్రైవరు వైపు చూశాడు. ఎక్కించకపోతే కాలేజీ ధాన్యం వద్దన్నట్టు. ఎక్కిస్తే క్యారేజీలు ఒప్పుకున్నట్టు. ఆ మనిషి తప్పేమీ లేదు, కాని ఆ పూట అతని మొహం చూడడం నాకు ఆనందంగానే ఉంది.

"ఏటి సూస్తన్నావు? ఇందులో పులుసు లేదు, కారదు. అందుకో" అంది మా అమ్మ.

అందుకున్నాడు. ప్రతి పల్లెలోనూ అందుకున్నాడు. ఆ రోజు బస్సు ఊళ్ళోకి వెళ్ళిన తీరు బస్టాండులో ఉన్న మగపిల్లలు తర్వాత కథలు కథలుగా చెప్పారు. టాపు నిండా క్యారేజీలు, ఎండకి తళతళలాడుతూ, రంగు రంగుల పీలికలు ఎగురుతూ. మర్నాటి నుంచి అన్నం క్యారేజీలు మళ్ళీ బస్సెక్కాయి. ఎవరూ ఆపలేదు. ఊరు మాత్రం ఏమన్నదో తెలుసా? పేద విద్యార్థుల కష్టం చూడలేక ప్రెసిడెంటు గారే పెద్ద మనసు చేసుకున్నారట. వార్షికోత్సవంలో అదే చెప్పి దండ వేశారు. కొత్త సైన్సు గదులకి ఆయన పేరే పెట్టారు. మళ్ళీ మేం తదితరులం.

ఇక నా సంగతి. ఆ వారమే మా అయ్య నన్ను వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళాడు. ప్రిన్సిపాలు గారు కూర్చోమనైనా అనలేదు. హాజరు చాలదన్నారు. ఈ ఏడు పోయినట్టే అన్నారు. వచ్చే ఏడు చేర్చుకుంటారా అని మా అయ్య చేతులు కట్టుకుని అడిగాడు. "ఎందుకయ్యా? మీ అమ్మాయి చదువుకి తట్టుకోలేదు కదా" అన్నారు. పిన్ని ఇంటికి వెళ్తే గది ఇవ్వనంది. మళ్ళీ పడిపోతే తన మీదికి వస్తుందట. ఇంకో నాలుగిళ్ళు తిరిగాం. చదువు వేడి తలకెక్కిన పిల్ల ఈమేనా అని నన్ను చూడ్డానికి వీధి గుమ్మాల్లోకి వచ్చారు గాని గది ఎవరూ ఇవ్వలేదు. ఆకలితో పడిపోయిన పిల్లని చదువుతో పడిపోయిందని చెప్పి, ఆ ఊరు నా మీద తలుపేసుకుంది. చాలా ఏళ్ళ తర్వాత, పెళ్ళయి పిల్లలు పుట్టాక, ఇంకెక్కడో ఉండి ప్రైవేటుగా బి.ఏ. కట్టి ప్యాసయ్యాను. ఆ కాలేజీ మెట్లు మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

ధాన్యం వెళ్ళిన రోజు సాయంత్రం నా క్యారేజీ ఖాళీగా తిరిగొచ్చింది. గిన్నెల అడుగున ఊక అంటుకుని ఉంది. అమ్మ కడిగి బోర్లించింది. ప్రిన్సిపాలు గారు కాదన్నాక అది అలాగే అటక ఎక్కుతుందనుకున్నాను. ఊళ్ళో గది దొరక్క తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న చూస్తే అమ్మ అందులో అన్నం సర్దుతోంది. పప్పు, వంకాయ కూర, మజ్జిగ.

"ఎవరికే అది? నేనిక్కడే ఉన్నాను కదా" అన్నాను.

అమ్మ ఎర్ర పీలిక బిగించి కట్టింది. "ఎవడో ఒకడు ఇంటి కూడు లేనోడు ఉంటాడు, ఆడు తింటాడు. మనం పంపడం మానేస్తే ఆళ్ళు ఎక్కించడం మానేస్తారు" అంది. నా వైపు చూడకుండా, "నీకు గది దొరికితే అప్పుడు మళ్ళీ బస్సునడగక్కర్లేదు" అంది.

ఆ ఏడూ పంపింది, మరుసటి ఏడూ పంపింది. నేను పెరట్లో కంచం ముందు కూర్చుని తింటూ ఉంటే, రోడ్డు మీద నా క్యారేజీ బస్సెక్కి రోజూ కాలేజీకి వెళ్ళేది.